హేలా కొరికిన రొట్టె

4 అక్టోబర్ 1999, సోమవారం

ఇవాళ్టి నుంచి రొట్టె డ్యూటీ నాది.

హేలా ఆంటీకి తుంటి ఎముక అతికింది గానీ నడక రాలేదు. వాకర్ పట్టుకుని వంటింట్లోకి రావడమే గగనం. మతిమరుపు ముదిరిన ఆమె భర్త లియోన్ అంకుల్‌ని పెట్టిన నర్సింగ్ హోమ్ రెండు వీధుల అవతలే. ఆమెకిప్పుడు అది కాశీయాత్ర. మేం వాళ్ళ పెరట్లోని చిన్న యూనిట్ ఇంట్లో అద్దెకుంటాం, మా ఆయన శ్రీను పొద్దున్నే ట్రామ్ ఎక్కితే చీకటి పడ్డాకే దిగుతాడు, నాకు ఉద్యోగం లేదు. తప్పించుకోవడానికి వంక దొరకలేదు. దొరికినా చెప్పేదాన్ని కాదేమో... పొద్దస్తమానం ఒక్కదాన్నే కూర్చుంటే గోడలు మీదకొస్తున్నాయి.

నాప్‌కిన్‌లో చుట్టిన చిన్న పొట్లం ఇచ్చింది ఆంటీ. "భోజనానికి ముందే ఇవ్వు. ఆయన చేతికే ఇవ్వు."

ఇచ్చాను. పెద్దాయన పొట్లం తీసుకున్నాడు, నా వంక చూడలేదు. పోస్ట్‌మన్ ముఖం ఎవరు చూస్తారులే.

7 అక్టోబర్

దారిలో మ్యాగ్‌పై పిట్ట మళ్ళీ నెత్తిన తన్నింది. వసంతకాలంలో అంతేనట. ఈ ఆస్ట్రేలియాలో పిట్టలకి కూడా నేనే లోకువ.

నర్స్ జోన్ ఫిర్యాదు — ఆయన రొట్టె సగం తిని సగం దిండు కింద దాస్తున్నాడు, చీమలు పడుతున్నాయి, దుప్పటి మార్చలేక చస్తున్నాం. వచ్చి ఆంటీకి చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు.

"ఉండనివ్వమను. రేపనేది ఉందనుకునేవాడే దాచుకుంటాడు."

చీమలకేం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

9 అక్టోబర్, శనివారం

శనివారం కూడా శ్రీనుకి ఆఫీసు. బ్యాంకు ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు పెట్టారట, డిసెంబర్ దాటగానే కంప్యూటర్ 1900లోకి వెళ్ళిపోతుందట. అది వెళ్ళకుండా మా ఊళ్ళ కుర్రాళ్ళంతా విమానాలెక్కి వచ్చారు.

లియోన్ అంకుల్ గురించి చెప్పాను. యూనిఫాం వేసుకున్నవాళ్ళెవరైనా గదిలోకి వస్తే చటుక్కున లేచి నిలబడతాడు. తలమీద లేని టోపీ తీసి తొడకి ఆనించుకుంటాడు. నర్సు "కూర్చో డార్లింగ్" అనే దాకా అలాగే.

"అయితే ఆయన ముందే రోలోవర్ అయి వెనక్కెళ్ళిపోయాడు" అన్నాడు శ్రీను. ఇద్దరం నవ్వాం. తర్వాత నవ్వినందుకు మనసు బాగాలేదు.

12 అక్టోబర్

"మిమ్మల్ని ఆంటీ అని పిలుస్తున్నాను, మా వైపు అలవాటు, తప్పయితే చెప్పండి" అన్నాను ఇవాళ. ఏడాదిగా పిలుస్తూ ఇవాళ అడగడం.

"పిలువు. అలా పిలవాల్సినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు."

అంత మామూలుగా అంది. ఉప్పు అందుకోమన్నట్టు. పిల్లల్లేరు వాళ్ళకి. అక్కలు, వదినలు, వాళ్ళ పిల్లలు — యుద్ధంలో అందరూ. క్యాంపుల్లో యూదులకి పొడిచిన నంబర్ ఈమె చేతి మీదా ఉంటుందేమోనని చాలాసార్లు దొంగచూపులు చూశాను. కనిపెట్టింది. "లేదు. మా క్యాంప్‌లో వెయ్యలేదు. మమ్మల్ని లెక్కపెట్టుకున్నారంతే."

సూప్ రుచి చూడమని తను తాగిన చెంచానే నా నోటి ముందు పెట్టింది. వెనక్కి జరిగాను. అనుకోకుండానే. ఏం అనుకుందో.

14 అక్టోబర్

ఈ రోజు ఒక విడ్డూరం.

గేటు దగ్గర చేతిలోనే పొట్లం విడిపోయింది. లోపల ముదురు రంగు రొట్టె ముక్క, జీలకర్రలాంటి గింజలున్న రకం. ఒక మూల కొరికి ఉంది. పళ్ళ గుర్తులు చక్కగా పడి ఉన్నాయి, మధ్యలో చిన్న గట్టు. ఎంగిలి ముక్క. ఇన్ని రోజులూ ఇదేనా మోసింది?

పెద్దావిడ, పరాకున కొరికి మళ్ళీ చుట్టేసి ఉంటుంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుంది. మా ఇంట్లో ఎంగిలి చెయ్యి తగిలితే గిన్నె మొత్తం పక్కన పెట్టే అమ్మమ్మ దగ్గర పెరిగాను, దాని మీద మైక్రోబయాలజీ చదివాను — రెండు వైపులా ఒకటే మాట. జబ్బు మనిషికి ఒకరి నోట్లోది పెడతామా? వెనక్కి వచ్చి మా ఇంట్లో కొత్త ముక్క కోశాను. అంచుల దాకా వెన్న రాశాను. ఉతికిన నాప్‌కిన్. ఎంగిలి ముక్క మ్యాగ్‌పైలకి. మంచి పని చేశాననుకుంటూ నడిచాను.

విప్పాడు. తిప్పి చూశాడు. మళ్ళీ తిప్పాడు. నాలుగంచులూ బొటనవేలితో తడిమాడు. అప్పుడు మొదటిసారి నా ముఖం చూశాడు. ముక్కని బల్ల మీద మెల్లగా పెట్టి గోడ వైపు తిరిగిపోయాడు.

వెన్న ఎక్కువైందేమో.

15 అక్టోబర్, శుక్రవారం

జోన్ ఫోన్ చేసింది. నిన్న మధ్యాహ్నం నుంచి ముద్ద ముట్టలేదు. మందులు ఉమ్మేశాడు. ఎవరి పిలుపుకీ పలకడం లేదు. "నిన్న ఏమైనా చెప్పావా ఆయనకి?"

ఏమీ చెప్పలేదే.

ఆంటీ అడిగింది — "ఏమిచ్చావు?" చెప్పాను. కొరికి ఉంది కదా, మంచిది కోసి ఇచ్చాను, వెన్న కూడా. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ పట్టుకుని కూర్చుంది, రంగు పోయింది ముఖంలో.

"పూర్తి ముక్క ఇచ్చావు."

అవును.

"టాక్సీ పిలువు."

అదే రోజు, సాయంత్రం

ఇవాళే రాసేస్తాను.

వాకర్‌తో, నొప్పితో, నా భుజం నొక్కి నొక్కి గది దాకా నడిచింది. మంచం మీద కూర్చుని ఆయన్ని తన వైపు తిప్పుకుంది. సంచిలోంచి రొట్టె తీసి, ఆయన కళ్ళ ముందే కొరికి, చేతిలో పెట్టింది. ఆయన గుర్తు మీద బొటనవేలు ఆనించాడు. తర్వాత ఆమె నోటి మీద. వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. ఆమె జవాబు చెప్పింది. తిన్నాడు. గింజ కూడా వదలకుండా.

టాక్సీలో అడిగాను, ఏమన్నాడని.

"షిఫ్ట్ మార్చారా అన్నాడు. అవునన్నాను."

16 అక్టోబర్

ఆంటీ చెప్పింది. మరిచిపోకముందే రాసి పెట్టుకుంటాను. మరిచిపోయేది కాదనుకో.

తూటాలు చేసే ఫ్యాక్టరీ. దాని పక్కనే క్యాంప్. పగలు మగవాళ్ళ షిఫ్ట్, రాత్రి ఆడవాళ్ళది. ఒకే మిషన్ మీద పగలు ఆయన, రాత్రి ఈమె. పేరు తెలియదు. ముఖం తెలియదు. షిఫ్ట్ మారేటప్పుడు రెండు వరసలు ఎదురెదురుగా దాటేవి — అందరివీ గుండ్లే, అందరివీ ఒకే బట్టలు, తల తిప్పితే దెబ్బ. ఒక రాత్రి మిషన్ వెనక సందులో చెయ్యి పెడితే రొట్టె ముక్క తగిలింది. కొరికి ఉంది.

"కొరికి ఉంది కాబట్టే తిన్నాను."

నాకర్థం కాలేదు. ఆమెకి విసుగొచ్చింది. నాలాంటి మొద్దుకి చెప్పడం కష్టమే.

"పూర్తి ముక్క ఎవరిది? పొద్దున లేవనివాళ్ళది. ఆకలితో ఉన్న మనిషి ఒక్క కొరుకైనా కొరక్కుండా ఉండలేడు. కొరక్కుండా మిగిలిందంటే దాని మనిషి లేడని. తినేవాళ్ళం, ఎందుకు తినం? కానీ ఎవరిదా అని చుట్టూ చూసుకుంటూ తినేవాళ్ళం."

మర్నాడు ఈమె తన ముక్క కొరికి అదే సందులో పెట్టింది. అప్పట్నుంచీ అటూ ఇటూ. ఒకరోజు గార్డు తుపాకీ మడమతో ఈమె ముఖం మీద కొట్టాడు, పై పన్ను ఒకటి ఊడింది. ఆ రోజు ముక్క మీద మధ్యలో గట్టు మిగిలింది. ఈమెని కొట్టారని ఆయనకి అలా తెలిసింది. మర్నాడు సందులో సగం కాదు, ముప్పాతిక ముక్క ఉంది.

యుద్ధం అయ్యాక, ఇళ్ళు లేనివాళ్ళని పెట్టిన శిబిరంలో ఒక మనిషి ఆడవాళ్ళ వరసలో ఒక్కొక్కరికీ ఆపిల్ చూపించి కొరకమంటున్నాడట. పిచ్చివాడనుకున్నారు. ఈమె కొరికింది. ఆయన ఆ గుర్తు చూసి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడట.

"అంత ప్రేమా" అన్నాను. సిగ్గులేకుండా ఏడుస్తున్నాను.

"ప్రేమో ఏమో. ఆకలి. అంత ఆకలిలో ఎవరో నీకోసం ఒక ముక్క మిగిల్చారు. దానికి నీకిష్టమైన పేరు పెట్టుకో."

తర్వాత పళ్ళు చూపించింది. కట్టుడు పళ్ళు. మధ్యలో ఆ సందు అలాగే ఉంది. ఇక్కడి డెంటిస్ట్ ఎంత చెప్పినా వినకుండా సందు అలాగే ఉంచేయించుకుందట. అందరూ సందు పూడ్చమని వస్తారు, ఈవిడ ఒక్కతే ఉంచమని వచ్చిందని ఆయన నవ్వాడట.

ఆ గుర్తున్న ముక్కని నేను మ్యాగ్‌పైలకి వేశాను.

19 అక్టోబర్

శ్రీను — "ఎంగిలి పారేశావు, తప్పేముంది వాణీ? మా అమ్మైనా అదే పని చేసుండేది." ఓదార్పే. నిజం కూడా. 

2 నవంబర్

ఊరంతా గుర్రప్పందేలకి సెలవు. ఆడవాళ్ళ టోపీలు చూడాలి. నాకూ మ్యాగ్‌పైకీ సెలవు లేదు. పొట్లం ఇప్పుడు విప్పి చూసుకుని, మళ్ళీ కట్టి తీసుకెళ్తున్నాను. గట్టు ఉందా లేదా అని.

ఆయన నన్ను చూసి తల ఊపాడు. పోస్ట్‌మన్‌కి ప్రమోషన్.

14 నవంబర్, ఆదివారం

అమ్మతో ఫోన్. కార్డు అయిపోయే లోపల రొట్టె సంగతి చెప్పేశాను. "ఎవరి ఎంగిలో నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నావటే, అందుకా ఆస్ట్రేలియా వెళ్ళింది?" అంది. కాసేపాగి, "ఆవిడ తుంటి ఎలా ఉంది?" అని కూడా అంది.

26 నవంబర్, శుక్రవారం

శుక్రవారం సాయంత్రం కదా, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఆంటీ కొవ్వొత్తులు వెలిగించింది. దేవుడంటే నమ్మకమా అని అడిగాను. "ఆ దేవుడికీ మాకూ మాటల్లేవు. మా అమ్మ వెలిగించేది, అందుకని."

మాటల్లేవు అంటే మా ఇళ్ళలో చుట్టాల మధ్య ఉన్నట్టే. మాటల్లేకపోయినా పెళ్ళికి పిలుస్తారు.

8 డిసెంబర్

వడగాలి. మధ్యాహ్నం నలభై దాటిందని రేడియో. సాయంత్రం ఒక్క అరగంటలో చలి. ఈ ఊరికి మతి స్థిరం లేదు.

ఆంటీకి ఆయాసం ఎక్కువగా ఉంది. డాక్టరు మందు మార్చాడు. ఉన్నట్టుండి అంది —

"నేను పోయిన రోజు కొరకని ముక్క తీసుకెళ్ళు."

అలాంటి మాటలెందుకు ఆంటీ అన్నాను. మనవాళ్ళం ఇలాంటప్పుడు అనే మాట.

"అక్కడ మాకెవరూ ఏదీ చెప్పలేదు. మా అమ్మ ఏ రోజు పోయిందో నాకిప్పటికీ తెలియదు. ఆయనకి దాచడానికి వీల్లేదు. నోటితో చెబితే మర్చిపోతాడు, రోజూ మళ్ళీ అడుగుతాడు, రోజూ మళ్ళీ చెప్పాలి. రొట్టె చెబితే మర్చిపోడు."

మరి తినకపోతే?

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మాటిచ్చావా?"

ఇచ్చాను.

19 డిసెంబర్

శ్రీను రోజూ పన్నెండు గంటల పని. కళ్ళ కింద నలుపు. కాంట్రాక్ట్ జనవరితో అయిపోతుంది. పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో ఉన్న స్నేహితుడు అక్కడికే వచ్చెయ్యమంటున్నాడు. పెర్త్ అంటే ఈ దేశానికి అవతలి కొస. విననట్టు గిన్నెలు కడుక్కున్నాను.

28 డిసెంబర్, మంగళవారం

హేలా ఆంటీ పోయింది.

పొద్దున కాఫీ తీసుకెళ్ళాను. పడుకునే ఉంది. పిలిచాను. దుప్పటి సర్దాను. మళ్ళీ పిలిచాను.

29 డిసెంబర్

వాళ్ళలో ఆలస్యం చెయ్యరు. ఇవాళే అయిపోయింది. ఆమె పేకాట స్నేహితులు, లాయరు, వాళ్ళ సంఘం మగవాళ్ళు, మేమిద్దరం. తలా ఒక పార మట్టి. శ్రీను కూడా వేశాడు. లియోన్ అంకుల్‌ని తీసుకురావద్దని డాక్టరు. నిన్నా ఇవాళా నేను పొట్లం తీసుకెళ్ళనే లేదు.

నర్సింగ్ హోమ్‌లో చెప్పడానికి వెళితే జోన్ నన్ను పక్కకి పిలిచింది. "చెప్పకు. ఈ వయసులో తట్టుకోలేడు. ఏదో ఒకటి చేసి నడిపించు." మంచి మనిషి. ఆమె అన్నది తప్పని అనలేను.

30 డిసెంబర్

స్నానాల గదిలో గ్లాసు. నీళ్ళలో ఆ పళ్ళు. ఆ హడావుడిలో ఎవరికీ గుర్తు రాలేదు.

కడిగాను. రొట్టె ముక్క కోశాను. మూల మీద పెట్టి నొక్కాను. అచ్చు పడింది — గట్టుతో సహా. ఆమె కొరికిందే. ఎవరూ తేడా పోల్చలేరు. ఆయన కూడా. ఇలా ఎన్నాళ్ళైనా నడుస్తుంది. ఆయన తింటాడు, దాచుకుంటాడు, బతుకుతాడు.

చుట్టి గేటు దాకా వెళ్ళాను. మాటిచ్చావా అంది. ఇచ్చాను.

వెనక్కి వచ్చి పళ్ళు గ్లాసులో పెట్టేశాను. ఆ ముక్కని పిట్టలకి వెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు, మట్టిలో పూడ్చాను. కొత్తది కోశాను. వెన్న రాయలేదు.

విప్పాడు. అంచులు తడిమాడు. ఒక వైపు... రెండో వైపు... నాలుగూ. మళ్ళీ మొదటి నుంచి. పోయినసారిలా గోడ వైపు తిరగలేదు. లేచి నిలబడ్డాడు. నేను యూనిఫాంలో లేను. అయినా లేని టోపీ తీశాడు.

ఇంక రాయలేను.

1 జనవరి 2000, శనివారం

ఏమీ కాలేదు. దీపాలు వెలుగుతున్నాయి, నీళ్ళు వస్తున్నాయి, బ్యాంకు కంప్యూటర్లు 1900లోకి పోలేదు. శ్రీను పొద్దున వచ్చాడు, ఆపిల్ సగం తింటూ కుర్చీలోనే నిద్రపోయాడు.

లియోన్ అంకుల్ ఏమీ తినడం లేదు. పాలు చెంచాతో పోస్తే పెదవుల పక్కనుంచి కారిపోతున్నాయి. సెలైన్ పెడతామంటున్నారు. నిన్న పూర్తి ముక్క, ఇవాళ పూర్తి ముక్క — రెండూ బల్ల మీదే ఎండిపోయాయి. జోన్ నాతో మాట్లాడటం లేదు. నేనే చేజేతులా చంపుతున్నానా ఆయన్ని? ఆంటీ మాట నిలబెట్టాను కదా. నిలబెట్టి ఏం బావుకున్నాను?

సాయంత్రం

శ్రీను చేతిలోంచి ఆపిల్ జారబోతోంది, తీశాను. చుట్టూ గోధుమ రంగు తిరిగింది. అతని పళ్ళ గుర్తు. ఇదివరకైతే పారేసేదాన్ని.

కొరికాను. అతని గుర్తు పక్కనే నాది పడింది. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

2 జనవరి, ఆదివారం

పొద్దున రొట్టె కోశాను. మూల కొరికాను. నమిలాను, మింగాను. మిగిలింది ఆమె నాప్‌కిన్‌లోనే చుట్టాను.

నా పళ్ళ మధ్య సందు లేదు. ఇది ఆమెది అని నేను అనడం లేదు. ఆయనకి అబద్ధం చెప్పడం లేదు. దారంతా ఇదే నాకు నేను చెప్పుకుంటూ వెళ్ళాను.

సెలైన్ సీసా స్టాండుకి తగిలించి ఉంది, ఇంకా పెట్టలేదు. పొట్లం చేతిలో పెట్టాను. విప్పడనుకున్నాను. విప్పాడు. బొటనవేలు గుర్తు మీదకి వెళ్ళి ఆగింది. గట్టు కోసం వెతికింది. లేదు. మళ్ళీ వెతికింది.

"హేలా కాదు" అన్నాడు. ఇంగ్లీషులో. నాతో ఆయన అన్న మొదటి మాట.

కాదు.

నా నోటి వంక చూశాడు. చెయ్యి ఎత్తాడు, మధ్యలో దించేశాడు.

"నువ్వు పగలా, రాత్రా?"

పగలు అన్నాను. ఏం చెప్పాలో తెలియక. పగలు, రోజూ పగలు. అన్నాక పెర్త్ గుర్తొచ్చింది.

తినలేదు. బల్ల మీద కూడా పెట్టలేదు. అటూ ఇటూ చూసి, దిండు ఎత్తి, ముక్కని కిందకి తోశాడు.

జోన్ దుప్పటి మార్చడానికి వచ్చింది. దిండు మీద చెయ్యి వేసింది.

రేపటికి ఉండనివ్వమన్నాను.